కారు తీయని శనివారం: ఒక జంటకు సవానా వారాంతం కుదిరిన తీరు

అట్లాంటా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు ట్రిప్పులు ప్లాన్ చేసిపెట్టడం నా పని. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు నయాగరా, వాషింగ్టన్, న్యూయార్క్ చూపించాలనే వాళ్లే ఎక్కువ. భార్యాభర్తలు ఇద్దరికే రెండు రాత్రులు కావాలని వచ్చేవాళ్లు అరుదు. వచ్చినా, వారం తిరిగేసరికి "వాళ్లూ వస్తామంటున్నారు అక్కా" అని ఇంకో రెండు కుటుంబాలు చేరి, చివరికి అది పదిమంది పిక్నిక్ అయి కూర్చుంటుంది. ఈ కేసు అలా కాకుండా నిలబడింది. అందుకే ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నానో, దేన్ని ఎందుకు కొట్టేశానో కాస్త విడమరిచి రాస్తున్నాను.

వచ్చినవాళ్లు

ఫోర్సైత్ కౌంటీలో, కమింగ్‌లో ఉండే దంపతులు. పెళ్లయి పదేళ్లు దాటింది. రెండో తరగతి చదివే పాప ఉంది. ఆయనది కాకినాడ, ఆవిడది హనుమకొండ. ఇద్దరూ ఐటీయే. ఆవిడకు నెలలో ఒక వారం ఆన్‌కాల్ పడుతుంది. ఆయన అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు. "పిల్లను మేం చూసుకుంటాం, మీరిద్దరూ ఎక్కడికైనా పోయి రండి" అని మొదట అన్నది అత్తగారేనట. పాప పుట్టాక వీళ్లిద్దరే కలిసి ఒక్క రాత్రి కూడా బయట ఉండలేదు.

ఆవిడ ఫోన్‌లో చెప్పింది మూడే ముక్కలు: "డ్రైవ్‌లో అయిపోవాలి అక్కా. సముద్రం కావాలి. పరుగులు వద్దు." ఆయన మాత్రం ఒక షీట్ పంపారు. అందులో పాతిక దాకా చోట్లు, ఒక్కోదానికి రేటింగ్, పక్కన ఎంతసేపు పడుతుందో నిమిషాల్లో లెక్క. మొత్తం ఖర్చు 1,200 డాలర్లు దాటకూడదు. ఇంకో షరతు ఆవిడ చివర్లో, అసలు విషయం కాదన్నట్టుగా చెప్పింది: శనివారం నీచు ముట్టదు, గుడ్డు కూడా. వెంకటేశ్వరస్వామి మొక్కు. ఆయనకేమో రొయ్యలు, పీతలు లేకపోతే సముద్రానికి వెళ్లినట్టే కాదు.

నా అనుభవంలో ఇలాంటి ట్రిప్ చెడేది వాన వల్లో ట్రాఫిక్ వల్లో తక్కువ. ఒకరి షీటు, ఇంకొకరి "పరుగులు వద్దు" శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు పార్కింగ్ వెతుక్కుంటున్న కారులో ఎదురుపడినప్పుడే ఎక్కువగా చెడుతుంది. కాబట్టి చోట్లు ఎంచడం కంటే ముందు, శనివారం అంతా కారు తాళం బయటికి రాకుండా చేయడం నా లెక్కలో మొదటి పని.

ఏ ఊరు, ఏ వారం

దక్షిణాది తీరంలో పాత ఊళ్లంటే అట్లాంటా వాళ్లకు మూడు పేర్లు తడతాయి. సెయింట్ అగస్టీన్ 1565లో స్పెయిన్ వాళ్లు పెట్టిన ఊరు. చూడదగ్గదే, కానీ కమింగ్ నుంచి ఆరు గంటలు దాటుతుంది. చార్ల్‌స్టన్ అయిదు గంటల పైమాటే. మన జార్జియాలోనే ఉన్న సవానా నాలుగున్నర, మహా అయితే అయిదు. చార్ల్‌స్టన్‌లో తిండి ఒక మెట్టు పైనే అంటాను, కానీ రెండు రాత్రుల ట్రిప్‌లో దారి మీద పోయే ప్రతి గంటా రెట్టింపు భారం. దానికి తోడు కాలినడకన తిరిగేవాళ్లకు సవానా ఇచ్చే సుఖం చార్ల్‌స్టన్ ఇవ్వదు. ఎందుకో కిందికి వెళ్లాక చెబుతాను.

వాళ్లు అడిగింది మార్చి రెండో వారాంతం. అది కుదరదని చెప్పేశాను. మార్చి 17 సెయింట్ పాట్రిక్స్ డే. సవానాలో ఐరిష్ వాళ్ల సంతతి పాతది, ఊరేగింపు దాదాపు రెండు వందల ఏళ్లుగా సాగుతోంది, దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. ఫోర్సైత్ పార్కు ఫౌంటెన్‌లో నీళ్లకు కూడా ఆకుపచ్చ రంగు కలుపుతారు. ఆ వేడుక చూడాలని వెళ్లేవాళ్లకు బాగుంటుంది. ప్రశాంతంగా ఇద్దరే కూర్చోవాలనుకునేవాళ్లకు ఆ రోజుల్లో గది దొరకదు, దొరికినా ధర చుక్కల్లో ఉంటుంది.

మరి ఏప్రిల్‌కి జరిపితే? అప్పటికి ఇసుక దోమలు మొదలవుతాయి. కంటికి కనపడనంత చిన్నవి, కుడితే మాత్రం రాత్రంతా గోకుడే. మార్చి నెలాఖరుకేమో ఉగాది, ఇంట్లో అత్తమామలుండగా పండగపూట కోడలు సవానా పక్కనున్న టైబీ దీవి బీచ్‌లో ఉండటం జరిగే పని కాదు. మిగిలింది సెయింట్ పాట్రిక్స్ డేకూ ఉగాదికీ మధ్య వారాంతం. ఎజేలియా పూలు విరగబూసేది సరిగ్గా అప్పుడే, ఎండ డెబ్బై డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే ఉంటుంది. ఒక్క చిక్కు పుప్పొడి. జార్జియాలో మార్చి అంటే కారు మీద పసుపు చల్లినట్టు ఉంటుంది. ఆవిడకు ఎలర్జీ ఉంది కాబట్టి మాత్రలు వారం ముందు నుంచే మొదలుపెట్టాలా అని డాక్టర్‌ని అడగమన్నాను. ఆన్‌కాల్ వారం ఒక సహోద్యోగితో మార్చుకుంది.

గది

బడ్జెట్‌లో సగానికి పైగా గదికే పెట్టించాను. ఇక్కడే ఆయనకూ నాకూ వాదన అయింది.

"ఊరి బయట పూలర్‌లో హైవే పక్కన గదులు సగం ధరకే ఉన్నాయి కదండీ, పావుగంట డ్రైవ్. పడుకోడానికే కదా?"

లెక్క కరెక్టే. కానీ పూలర్‌లో ఉంటే పొద్దున ఒకసారి ఊళ్లోకి వచ్చాక రాత్రి దాకా వెనక్కి వెళ్లరు. మధ్యాహ్నం ఆవిడ అలిసిపోతే కూర్చోడానికి ఏదో ఒక కాఫీ షాపు, లేదంటే ఇంకో మ్యూజియం టికెట్. రాత్రి భోజనం తర్వాత ఒకరు డ్రైవ్ చేయాలి కాబట్టి ఒకరు గ్లాసు ముట్టకూడదు. టైబీ మీద బీచ్ పక్కన ఉంటే సముద్రం దొరుకుతుంది, పాత ఊరు పద్దెనిమిది మైళ్ల దూరమవుతుంది. చారిత్రక ప్రాంతం లోపల, దాని నడిమధ్య సాగే బుల్ స్ట్రీట్‌కు రెండు మూడు వీధుల్లో గది ఉంటే మధ్యాహ్నం రెండు గంటలు పడుకుని, స్నానం చేసి, చీర మార్చుకుని సాయంత్రం మళ్లీ బయటికి రావచ్చు. ఆ రెండు గంటల నిద్ర కోసమే రోజుకు వంద డాలర్లు ఎక్కువ పెట్టమంటున్నానని సూటిగా చెప్పాను. ఆవిడ అప్పటికే నా పక్షం.

పాత ఇళ్లను సత్రాలుగా మార్చిన బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లు ఇక్కడ చాలా ఉన్నాయి, అందంగా ఉంటాయి. వీళ్లకు వద్దన్నాను. వాటిలో పొద్దున టిఫిన్ అంటే గుడ్లు, బేకన్ చుట్టూ తిరుగుతుంది, అదీ శనివారం పూట. కొన్నింటిలో లిఫ్ట్ ఉండదు. చిన్న హోటల్ తీసుకున్నాం: గదిలో ఫ్రిజ్, మైక్రోవేవ్. టీపొడి, కెటిల్ ఎలాగూ మనవాళ్ల పెట్టెలోనే ఉంటాయి.

గది ధర చూసేటప్పుడు ఒక జాగ్రత్త. స్క్రీన్ మీద మొదట కనపడే అంకె మీరు కట్టేది కాదు. అమ్మకం పన్ను, హోటల్ పన్ను, వాటి మీద జార్జియా రాష్ట్రం రాత్రికి 5 డాలర్లు వేసే రుసుము, కొన్ని హోటళ్లు సొంతంగా తగిలించే ఇంకో రుసుము, ఆపైన కారు పెట్టుకున్నందుకు రాత్రికింత. పాత ఊళ్లో హోటల్ పార్కింగ్ ఉచితమని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు. వీళ్ల కారును నగరపాలక గ్యారేజీలో పెట్టించాం, హోటల్ చెప్పిన దానికంటే తక్కువ పడింది.

ఆ గ్యారేజీ ఎల్లిస్ స్క్వేర్ కింద, భూగర్భంలో ఉంటుంది. దానికో కథ ఉంది. 1954లో అక్కడున్న పాత మార్కెట్‌ను కూలగొట్టి పైన పార్కింగ్ భవనం కట్టారు. ఊళ్లోవాళ్లకు కడుపు మండింది. మరుసటి ఏడు 1820 నాటి డావెన్‌పోర్ట్ ఇల్లు కూడా పార్కింగ్ స్థలం కాబోతోందని తెలిసి, ఏడుగురు ఆడవాళ్లు చందాలు పోగుచేసి ఆ ఇంటిని కొనేశారు. హిస్టారిక్ సవానా ఫౌండేషన్ అలా పుట్టింది. ఇవాళ మనం చూసే ఊరు మిగలడానికి ఆ కొనుగోలే మొదలు. ఎల్లిస్ స్క్వేర్ తిరిగి తోటగా తెరుచుకున్నది 2010లో. కార్లు కిందికి పోయాయి, జనం పైకి వచ్చారు.

ఊరి పటమే శనివారం కార్యక్రమం

1733లో జేమ్స్ ఓగల్‌థార్ప్ యామక్రా గట్టు మీద దిగి ఈ ఊరికి గీసిన పటం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మధ్యలో ఒక చౌకు, అంటే స్క్వేర్. దానికి ఉత్తరాన, దక్షిణాన ఇళ్ల స్థలాలు. తూర్పు, పడమరల్లో గుడి, బడి లాంటి ఉమ్మడి కట్టడాలకు నాలుగు పెద్ద స్థలాలు. ఇది ఒక వార్డు. ఊరు పెరిగినకొద్దీ అదే నమూనాను పక్కపక్కన పేర్చుకుంటూ పోయారు. 1851 నాటికి ఇరవై నాలుగు చౌకులయ్యాయి, ఇప్పుడు ఇరవై రెండు మిగిలాయి.

ప్లాన్ చేసేవాళ్లకు ఇది వరం. చౌకు దగ్గరికి వచ్చిన కారు నెమ్మదించి, చుట్టూ తిరిగి పోవాలి. నడిచేవాడు తిన్నగా మధ్యలోంచి, ఓక్ చెట్ల నీడలోంచి వెళ్లిపోతాడు. రెండు మూడు నిమిషాలు నడిస్తే ఒక బెంచీ. ఆవిడ అడిగిన "పరుగులు వద్దు" అనేదాన్ని ఓగల్‌థార్ప్ ముందే తీర్చేసి పెట్టాడు. చార్ల్‌స్టన్ వీధులు ఎంత అందంగా ఉన్నా ఇంత తరచుగా కూర్చోబెట్టవు.

అందుకని శనివారం పొద్దుటికి గంటలవారీ పట్టిక ఇవ్వలేదు. నది వైపు నుంచి బుల్ స్ట్రీట్ పట్టుకుని దక్షిణానికి నడవమన్నాను: జాన్సన్, రైట్, చిప్పెవా, మాడిసన్, మాంటరే చౌకులు, చివర ఫోర్సైత్ పార్కు. మొత్తం కలిపి మైలు లోపే. శనివారం పొద్దున పార్కు దక్షిణం వైపు రైతుబజారు పెడతారు. పళ్లు, బ్రెడ్డు, తేనె దొరుకుతాయి. శనివారం నియమం ఉన్న మనిషికి అంతకంటే మంచి టిఫిన్ ఊళ్లో లేదు. 1858 నాటి ఫౌంటెన్ దగ్గర ఫొటోలకు జనం వరుస కడతారు. తొమ్మిదిలోపు వెళితే తప్పించుకోవచ్చు.

ఆ పార్కుకు పేరు ఇచ్చిన జాన్ ఫోర్సైత్, వీళ్లుండే కౌంటీకి పేరు ఇచ్చిన జాన్ ఫోర్సైత్ ఒక్కడే. జార్జియా గవర్నర్‌గా, తర్వాత అమెరికా విదేశాంగ మంత్రిగా చేసినవాడు. ప్రతి నెలా కరెంటు బిల్లు మీద కనపడే పేరు ఇక్కడ పార్కు గేటు మీద చూసి ఆయన నాకు ఫొటో పంపారు.

దారిలో ఒక్క అదనపు మజిలీ పాప కోసం. పాప గర్ల్ స్కౌట్స్‌లో ఉంది. 1912లో గర్ల్ స్కౌట్స్‌ను మొదలుపెట్టిన జూలియట్ గోర్డన్ లో (Low) అనే ఆవిడ పుట్టిన ఇల్లు బుల్ స్ట్రీట్ మీదే. లోపలికి టికెట్ వద్దు, గేటు దగ్గర నిలబడి పాపకు వీడియో కాల్ చేస్తే చాలన్నాను. అయిదు నిమిషాల పని. ఇంట్లో నానమ్మ తాతయ్యలకు కూడా మనవరాలు దాని గురించే లెక్చర్ ఇచ్చిందట.

చెట్ల మీద నుంచి వేలాడే ఆ బూడిదరంగు జడల గురించి ఒక హెచ్చరిక మాత్రం రాసి ఇచ్చాను. స్పానిష్ మాస్ అంటారు కానీ అది నాచు కాదు, అనాసపండు కుటుంబం మొక్క. కింద రాలినదాన్ని తీసి తలకు చుట్టుకుని ఫొటోలు దిగేవాళ్లను చూశాను. అందులో చిన్న చిన్న పురుగులు కాపురం ఉంటాయి, కుడితే రెండు రోజులు దురద తప్పదు.

పత్తి దారం

ఆయన షీట్‌లో దయ్యాల టూర్ ఉంది. సవానాలో రాత్రిపూట ప్రతి మూలా ఎవరో ఒకరు దయ్యం కథ అమ్ముతుంటారు. నాకు ఆ సరుకు మీద పెద్ద గౌరవం లేదు. నిజంగా జరిగినవే ఒళ్లు జలదరించేలా ఉన్న ఊరిది. 1859 మార్చిలో రెండు రోజుల పాటు ఈ ఊరి గుర్రప్పందేల మైదానంలో నాలుగు వందల పైచిలుకు బానిసలను వేలం వేశారు. ఆ వేలాన్ని నల్లజాతి వాళ్లు ఏడుపు కాలంగా గుర్తుపెట్టుకున్నారు.

ఆవిడ సందేహం సబబైనదే: "ఇద్దరం హాయిగా గడపడానికి వెళ్తూ ఇదంతా ఎందుకక్కా?" నేనేమీ ఉపన్యాసం చెప్పలేదు. ఒక్క ఇల్లు చూడండి, గంటంబావు పడుతుంది, నచ్చకపోతే మిగతావి మానేయండి అన్నాను. ఓవెన్స్-థామస్ ఇల్లు 1819లో విలియం జే కట్టినది. పై అంతస్తులో హాలు మధ్య వంతెన ఉంటుంది. అంత పాత రోజుల్లోనే ఇంట్లో కుళాయి నీళ్లు. ఆ వైభవానికి వెనక పెరట్లోనే బానిసల నివాసం. దాని పైకప్పుకు వాళ్లే వేసుకున్న లేత నీలం రంగు ఇంకా మిగిలి ఉంది. దుష్టశక్తులు రాకుండా ఉండటానికి ఆ రంగు వేసేవాళ్లని చెబుతారు. రెండింటినీ ఒకే టూర్‌లో, ఒకే గొంతుతో చూపించడం అక్కడి మంచి పద్ధతి. అదే టికెట్ మీద, ఆ ఇంటిని నడిపే టెల్‌ఫేర్ సంస్థ వాళ్ల మిగతా రెండు మ్యూజియంలు కూడా చూడవచ్చు, వీళ్లు చూడలేదు, నేను చూడమనీ అనలేదు.

కాకినాడ మనిషికి నేను ఇచ్చిన దారం పత్తి. షీట్‌లోని పాతిక చోట్లను అయిదుకు కుదించడానికి పనికొచ్చింది అదే: ఈ దారం మీద లేనివి పక్కకు పోయాయి. జాన్సన్ చౌకులో ఉన్న స్తంభం అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన జనరల్ నాథనేల్ గ్రీన్‌ది. ఆయన పోయాక, ఊరికి దగ్గర్లోని ఆ కుటుంబం తోటలో ఉంటూనే 1793లో ఈలై విట్నీ గింజ తీసే యంత్రం తయారుచేశాడు. దాంతో పత్తి సాగు విపరీతంగా పెరిగింది, దాని వెంటే బానిసత్వం కూడా. మొదట్లో బానిసలను నిషేధించిన కాలనీ ఇది. ఆ నిషేధం 1751లోనే పోయింది. 1864 డిసెంబరులో, అంతర్యుద్ధం చివరి దశలో, ఉత్తరాది జనరల్ షెర్మన్ సవానాను లింకన్‌కు క్రిస్మస్ కానుకగా ఇస్తున్నానని టెలిగ్రాం కొట్టినప్పుడు, ఆ కానుకలో ఇరవై అయిదు వేల పత్తి బేళ్లు కూడా లెక్కపెట్టాడు. ఆయన బస చేసిన గ్రీన్-మెల్డ్రిమ్ ఇల్లు మాడిసన్ చౌకు పక్కనే, అదీ ఒక పత్తి వ్యాపారిదే.

ఇందులో కాకినాడ ఎక్కడుందంటే, అంతర్యుద్ధంలో ఉత్తరాది నౌకాదళం ఈ రేవులను దిగ్బంధించింది. ఇక్కడి పత్తి ఆగిపోయేసరికి ఇంగ్లండ్‌లోని లాంక్షైర్ బట్టల మిల్లులు మన దేశం వైపు తిరిగాయి. ఆ గిరాకీతో పుంజుకున్న రేవుల్లో కాకినాడ ఒకటి. అక్కడి నుంచి వెళ్లిన పత్తిని బజారులో కోకనాడాస్ అని పిలిచేవాళ్లు. బే స్ట్రీట్ మీద కాటన్ ఎక్స్ఛేంజ్ భవనం ముందు నిలబడి ఆయన వాళ్ల నాన్నగారికి ఫోన్ చేశారట. అప్పుడు ఆ పెద్దాయన కమింగ్‌లో సోఫాలో కూర్చుని మనవరాలితో క్యారమ్స్ ఆడుతున్నారు.

తిండి

నీచు, గుడ్డు, ఐస్‌క్రీమ్ అన్నీ శుక్రవారం రాత్రికీ ఆదివారం మధ్యాహ్నానికీ జరిపేశాను. శుక్రవారం రొయ్యలు, గ్రిట్స్. గ్రిట్స్ అంటే తెల్ల మొక్కజొన్న రవ్వను వెన్నతో ఉడికించినది. సంకటి తిని పెరిగిన నాలుకకు పరాయిగా అనిపించదు. ఆపైన బ్రాటన్ స్ట్రీట్‌లో లియోపోల్డ్స్ ఐస్‌క్రీమ్. 1919లో గ్రీసు నుంచి వచ్చిన అన్నదమ్ములు పెట్టిన కొట్టు, వరుస ఎప్పుడూ వీధిలోకి ఉంటుంది.

శనివారమే అసలు పరీక్ష. దక్షిణాది వంటలో కూరగాయ అని రాసి ఉన్నంత మాత్రాన అది శాకాహారం కాదు. కొల్లార్డ్ ఆకుకూరను పంది కాలి ముక్క వేసి ఉడికిస్తారు. చిక్కుళ్లలో బేకన్ పడుతుంది. ఎర్రన్నం అని నోరూరించే రెడ్ రైస్‌లో సాసేజీ ఉంటుంది. గ్రిట్స్‌ను కోడి నీళ్లలో వండే చోట్లున్నాయి. "వెజిటేరియన్ ఉందా?" అని అడిగితే అందరూ ఉందనే అంటారు. నేను ఫోన్ చేసి అడిగేవి వేరు: ఆకుకూరలో మాంసం వేస్తారా, గ్రిట్స్ ఏ నీళ్లలో ఉడికిస్తారు, వేపుళ్లకు రొయ్యలు వేయించిన నూనేనా, పాస్తా పిండిలో గుడ్డుందా. రెండు చోట్ల వంటగదిలోకి వెళ్లి కనుక్కుని వచ్చి చెప్పారు; అలా కనుక్కున్నవాళ్ల దగ్గరే టేబుల్ బుక్ చేశాను. మధ్యాహ్నానికి మాత్రం అత్తగారు కట్టిచ్చిన పులిహోర, ఫ్రిజ్‌లో పెరుగు. ఇండియన్ రెస్టారెంట్ మాటెత్తితే ఆవిడే వద్దంది.

మిసెస్ విల్క్స్ భోజనశాల గురించి ఆయన షీట్‌లో అయిదు నక్షత్రాలతో ఉంది. పదిమంది ఒకే బల్ల చుట్టూ కూర్చుని గిన్నెలు అందించుకునే చోటు, మన బంతి భోజనం అలవాటున్నవాళ్లకు ముచ్చటేస్తుంది. కానీ అది సోమవారం నుంచి శుక్రవారం దాకా, అదీ మధ్యాహ్నమే. వారాంతపు ట్రిప్‌లో దాన్ని రాసుకుని వచ్చి తలుపు ముందు నిలబడేవాళ్లు ప్రతివారం ఉంటారు.

ప్రయాణం, జరిగిన తీరు

శుక్రవారం సగం రోజు సెలవు పెట్టించాను. పదకొండున్నరకు ఇల్లు దాటితే అట్లాంటాను ట్రాఫిక్ ముదరకముందే దాటేయవచ్చు. దారిలో వచ్చే మేకన్ ఊరి దగ్గర ఐ-16 హైవే ఎక్కాక నూట అరవై మైళ్లకు పైగా పైన్ చెట్లు తప్ప ఏమీ ఉండదు, అందుకే పెట్రోలు, టాయిలెట్ మేకన్‌లోనే. ఆ రోడ్డు ర్యాంపుల దగ్గర రైల్వే గేట్ల లాంటివి కనపడతాయి. తుపాను వస్తే రెండు వైపుల లేన్లనూ ఊరి నుంచి బయటికే నడిపించడానికి పెట్టినవి. అయిదులోపు గదిలో ఉన్నారు.

శనివారం పొద్దున నేను ఊహించినట్టే సాగింది. ఓవెన్స్-థామస్ ఇంటి నుంచి బయటికి వచ్చేసరికి ఒంటిగంట. ఆవిడ కాళ్లు పీకుతున్నాయంది. షీట్ ప్రకారం ఆ తర్వాత కెథడ్రల్, గుర్రబ్బండి, ఇంకో మ్యూజియం ఉండాలి. గదికి వెళ్లి పులిహోర తిని పడుకున్నారు, లేచేసరికి నాలుగున్నర. సాయంత్రం నాకు వచ్చిన మెసేజ్‌లో ఆయన రాసింది: "గదికి మీరు పెట్టించిన డబ్బు ఇప్పుడు అర్థమైందండీ."

గుర్రబ్బండికీ పడవ షికారుకూ డబ్బు పెట్టించలేదు. ఊళ్లో డాట్ అనే షటిల్ ఉచితం, నది దాటించే సవానా బెల్స్ ఫెర్రీ కూడా ఉచితం. ఫెర్రీ పడవలకు ఈ ఊరి చరిత్రలోని ఆడవాళ్ల పేర్లు పెట్టారు. బానిసగా పుట్టి, నల్లజాతి సైనికులకు చదువు చెప్పిన సూసీ కింగ్ టేలర్ పేరు కూడా వాటిలో ఉంది. పొద్దుగూకే వేళ అవతలి ఒడ్డుకు వెళ్లి వచ్చారు. రివర్ స్ట్రీట్‌లో పాత పత్తి గిడ్డంగులు ఇప్పుడు కొట్లు, బార్లు. నది పక్క బెంచీ మీద కూర్చుంటే పది అంతస్తుల ఎత్తు కంటైనర్ ఓడలు ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా పోతాయి. చారిత్రక ప్రాంతంలో పదహారు ఔన్సులలోపు ప్లాస్టిక్ గ్లాసులో మద్యం పట్టుకుని నడవనిస్తారు, అమెరికాలో చాలా ఊళ్లలో ఇది నేరం. ఆయన బీరు, ఆవిడ నిమ్మరసం, ఓడల్ని చూస్తూ గంటన్నర. దయ్యాల టూర్ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆ వీధి మెట్లు మాత్రం నిటారుగా, అరిగిపోయి ఉంటాయి, కింద పరిచినవి ఓడల్లో బరువు కోసం తెచ్చిన రాళ్లు. హీల్స్ వద్దని ముందే చెప్పాను.

ఆదివారం కారు తీశారు. వర్మ్స్‌లో అనే పాత ఎస్టేటులో మైలున్నర పొడవున రెండు వైపులా ఓక్ చెట్ల దారి ఉంది, ఫొటోలకు అంతకంటే మంచిచోటు లేదు. బోనవెంచర్ శ్మశానం కూడా అందమైనదే. రెండూ వదిలించి పులాస్కీ కోట ఒక్కటే ఉంచాను. టైబీ దారిలోనే ఉంటుంది, పైగా పత్తి దారం అక్కడే ముడిపడుతుంది. ఇటుకలతో ఏడున్నర అడుగుల మందాన కట్టిన గోడలు. ఏ ఫిరంగీ ఏమీ చేయలేదనుకున్నారు. 1862 ఏప్రిల్‌లో టైబీ మీద నుంచి, మైలు పైచిలుకు దూరంలోంచి కొత్తరకం ఫిరంగులతో కొడితే ముప్పై గంటల్లో లొంగిపోయింది. సవానా రేవు దాంతో మూతపడింది. ఆ గోడలో గుంతలు, ఇరుక్కున్న గుండ్లు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ల దగ్గర నేషనల్ పార్కుల ఏడాది పాస్ ఉంది కాబట్టి టికెట్ ఖర్చు లేదు.

టైబీకి వెళ్లాలంటే ముందు చూడాల్సింది ఆటుపోట్ల పట్టిక. ఇక్కడ ఆటుకూ పోటుకూ సగటున ఏడడుగుల తేడా. పోటు మీద వెళితే ఇసుక చారెడు, ఆటు మీద వెళితే నడిచినంత మేర. మరీ పెద్ద పోటు వచ్చిన రోజున దీవికి ఉన్న ఒకే ఒక్క రోడ్డు, హైవే 80, నీళ్లలో మునుగుతుంది. మార్చిలో నీళ్లు చల్లగా ఉంటాయి, పాదాలు తడుపుకోవడం వరకే. లైట్‌హౌస్ 178 మెట్లు. ఆయన ఎక్కారు, ఆవిడ కింద నీడలో కూర్చుంది. మధ్యాహ్నం రొయ్యలు, పీతలు ఇద్దరూ తిన్నారు. రెండున్నరకు బయల్దేరి, దారిలో ఒకసారి టీకి ఆగి, ఎనిమిదిన్నరకు ఇల్లు చేరారు.

ఖర్చు పన్నులతో, పార్కింగ్‌తో కలిపి గదికి దాదాపు ఏడు వందలు. తిండికి మూడు వందల లోపు. మిగిలినవి పెట్రోలు, టికెట్లు, పాపకు టీషర్టు, అత్తగారికి ప్రాలీన్ మిఠాయి పెట్టె. 1,200 లోపలే తేలింది.

ఇదే ప్లాన్ ఇంకెవరికైనా ఇవ్వాలంటే నేను మొదట మార్చేది శుక్రవారం. సగం రోజు సెలవు దొరకనివాళ్లు సాయంత్రం అయిదుకు బయల్దేరితే పదకొండు దాటి చేరతారు. వాళ్లకు ఆ రాత్రి చారిత్రక ప్రాంతంలో గది దండగ. మేకన్‌లో పడుకుని శనివారం పొద్దున్నే రెండున్నర గంటలు నడుపుకుని వెళ్లడం మేలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అయితే నడకంతా పొద్దున పదిలోపు ముగించాలి, తుపానుల కాలం కాబట్టి రద్దు చేస్తే డబ్బు వెనక్కి వచ్చే గదే తీసుకోవాలి.

రెండు వారాల తర్వాత ఆవిడ మళ్లీ ఫోన్ చేసింది. మామగారు ఆ పత్తి భవనం, ఆ ఓడలు స్వయంగా చూడాలంటున్నారట. అయిదుగురు, ఒక వీల్‌చైర్. గది ఈసారి నదికి దగ్గరగా కాదు, షటిల్ ఆగే చోటుకు దగ్గరగా చూస్తున్నాను. ఆవిడ భర్తకు ముందే చెప్పాను, కొత్త షీట్ పంపొద్దని.